చిట్టెపు దిబ్బలలో నాణెముల అన్వేషణ

పాటి, పాటిగడ్డ, పాటిదిబ్బ అను పేర్లు వినబడని ఊరు తెలంగాణమున అరుదు. జనులు కొంతకాలము నివసించి విడిచిపోయిన పాత ఊరిచోటునకు ఆ పేరు వాడుకలో నున్నది. మట్టిగోడలు కరగి, కుండపెంకులు, ఎముకలు, బూడిద, పెంటపోగులు కలిసి పేరుకొన్న ఆ నేల నల్లబడి మెత్తనై యుండును. అందుచేతనే రైతులు తరతరములుగా పాటిమట్టిని బండ్లతో తోలి పొలములకు ఎరువుగా చల్లుచు వచ్చిరి. ఆ మట్టితో పాటు పూసలు, నాణెములు, ఇనుపముక్కలు కూడ పొలములకు చేరినవి. కాబట్టి ఒక పొలమున నాణెము దొరకినంత మాత్రమున అచట పూర్వమొక పట్టణ ముండెనని చెప్పబూనుట సాహసమే యగును. ఆ నాణెము బండి యెక్కి వచ్చినదో, అచటనే పుట్టి పడినదో మొదట తేల్చుకొనవలెను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు 2016 అక్టోబరు 11 వరకు కరీంనగరు జిల్లాలో భాగములు. ఆనాటి నుండి మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. గోదావరికిని మానేరునకును నడుమనున్న ఈ భూమి చరిత్రకారునకు ఒకవిధముగా వరము, మరియొకవిధముగా చిక్కు. వరమేల యనగా ఇచట పాటిగడ్డలు విస్తారము. జగిత్యాల చెంతనున్న పొలాస, హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున (1163) రుద్రదేవుడు జయించిన వారిలో పేర్కొనబడిన మేడరాజు ఏలిన పొలవాసయే. కోరుట్లలో పాత మెట్లబావి నేటికిని నిలిచియున్నది. జగిత్యాల కోట 1747లో జఫరుద్దౌలా కట్టించినదని చెప్పుదురు. (ఆ కోట కట్టిన ఫ్రెంచి ఇంజనీర్లు జాక్, టాల్ అనువారి పేర్ల నుండియే ఊరిపేరు పుట్టినదను కథ వినుటకు ముచ్చటగా నున్నను, నిరుక్తిగా దానిని స్వీకరింప మాకు మనసొప్పదు.) ఇక చిక్కేమనగా, ఈ పాటిగడ్డలలో పెక్కింటిని ఇనుప చిట్టెము కప్పివేసినది. లోహములను వెదకు యంత్రము, అనగా వ్యవహారమున మెటల్ డిటెక్టరు అని పిలుచుచున్న సాధనము, ఇట్టి నేలపై నాణెముల నెంతవరకు చూపగలదు? చూపినను అది చరిత్రకు లాభమా, నష్టమా? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఇదియే.

ఈ ప్రశ్న కేవలము సాంకేతికమైనది కాదు. నాణెముల వలన ఒక రాజవంశపు ఆది ఎట్లు చర్చకు వచ్చినదో కోటిలింగాల చూపుచున్నది. పెద్దవాగు గోదావరిలో కలియు చోట, నేటి జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలమున ఈ ఊరున్నది. మట్టికోట గల పాత పట్టణపు దిబ్బ అది. వానలు పడి మట్టి కొట్టుకొనిపోయినపుడు పైకి తేలిన నాణెములను స్థానికులు ఏరుచుండిరి. అట్లు దొరకిన వానిని పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రిగారు 1970ల చివర పరిశీలించి ప్రకటించిరి. గోబద, నారన, కంవాయ, సమగోప అను రాజుల పేర్లు అంతకుముందు చరిత్ర యెరుగనివి. వీరిని శాతవాహనులకు పూర్వులుగా పరిశోధకులు భావించుచున్నారు. వీనికి మించి సంచలనము కలిగించినవి ‘సిరి చిముక సాతవాహన’ అను పేరు గల నాణెములు. నానాఘాటు శాసనములలో సిముక సాతవాహనుని ప్రతిమ క్రింద పేరున్నది. పురాణములలోని మొదటి రాజు అతడే యని చెప్పుదురు. ఆ చిముకుడును ఈ సిముకుడును ఒక్కరే యైనచో శాతవాహనుల తొలినివాసము గోదావరి తీరమున తెలంగాణమున నుండెనను వాదమునకు గట్టి ఆధారము లభించును. ఒక్కరు కారనువారును లేకపోలేదు. 1979 నుండి వి. వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున ఆ దిబ్బపై తవ్వకములు జరిగినవి.

ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. ఏరుకొన్న నాణెము ఎంత విలువైనదైనను, అది ఏ పొరలో ఏ కుండపెంకుతో కలిసి ఉండెనో చెప్పజాలదు. చిముకుని నాణెము గోబదుని నాణెమునకు పైన దొరకెనా, క్రింద దొరకెనా, ప్రక్కనే దొరకెనా అను మూడు మాటలతో తీరిపోవలసిన వివాదము, ఆ మాటలు చెప్పువారు లేక, లిపిరూపములపైనను నామసామ్యముపైనను దశాబ్దములుగా ఆధారపడి నడచుచున్నది. ఏరినవారిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారు ఏరకున్నచో అవి గోదావరి పాలయ్యెడివి, లేదా మూసలో కరగెడివి. పైగా శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము వలన ఆ తీరమున నీటిమట్టము పెరిగినది. మిగిలిన నేల విషయమున తొందరయు అవసరమే, జాగ్రత్తయు అవసరమే.

యంత్రము సంగతికి వత్తము. దీని పుట్టుకలోనే చెత్త సమస్య యున్నది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిదెబ్బ తిన్నపుడు, దేహమున చిక్కిన గుండును కనుగొనుటకు టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ విద్యుత్ప్రేరణపై పనిచేయు నొక సాధనమును కూర్చెను. అది ఇతరుల దేహములలోని గుండ్లను చక్కగా చూపినది. అధ్యక్షుని దేహముపై నుంచినపుడు మాత్రము చాలమేర శబ్దము చేయుచు గుండు జాడ తెలుపదాయెను. పరుపులోని ఉక్కుతీగల చుట్టలు అందుకు కారణమని బెల్ తరువాత భావించెను. పైగా వైద్యులు కుడిప్రక్కనే వెదకనిచ్చిరి, గుండు ఎడమప్రక్కన నుండెను. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను. ఇనుము నడుమ చిన్న సీసపు ముక్కను వెదకుట ఎంత కష్టమో ఆనాడే తేలినది. మా ప్రాంతపు పాటిగడ్డలపై నేడు యంత్రము పట్టుకొని నిలిచినవాని స్థితియు అట్టిదే, వెదకునదియు సీసమే!

యంత్రపు పని సూక్ష్మముగా నిట్లుండును. చట్రములోని తీగచుట్ట గుండా మారుచుండు విద్యుత్తు ప్రవహించి క్రింది నేలలో అయస్కాంత క్షేత్రమును పుట్టించును. అచట లోహమున్నచో దానిలో సుడివిద్యుత్తు పుట్టి తిరిగి తీగచుట్టను తాకును. ఆ మరలివచ్చిన సంకేతము ఎంత ఆలస్యముగా వచ్చినదను దానిని బట్టి యంత్రము లోహమును ఊహించును. వెండి, రాగి వంటి మంచి వాహకములది ఒక తీరు, ఇనుముది వేరు తీరు. ఇనుమును మౌనముగా వదలివేయు ఏర్పాటు చాల యంత్రములలో నున్నది. శుభ్రమైన నేలపై నిది సుఖము. కాని తీగచుట్ట క్రింద ఒకేసారి మేకును నాణెమును ఉన్నప్పుడు రెండింటి సంకేతములు కలిసిపోవును. యంత్రము మేకునే వినును, నాణెమును మ్రింగివేయును. తీగచుట్ట పెద్దదైన కొలది ఒకేసారి దాని క్రిందికి వచ్చు వస్తువులు ఎక్కువ, మ్రింగుడును ఎక్కువ.

ఇక మన చిట్టెము కథ. ఉత్తర తెలంగాణమున ఇనుము కరగించు పరిశ్రమ ఎంత విస్తారమో లెక్కకు రాదు. కోరుట్ల నుండి మెట్‌పల్లి మీదుగా పడమరకు పోయినచో నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలమున కోనసముద్రము కలదు. త్రికోణమితీయ సర్వేలో వైద్యుడును భూతత్త్వజ్ఞుడును అయిన హెన్రీ వాయిసీ అచటి ఉక్కు తయారీని కనులార చూచి వ్రాసెను. అతడు 1824లో మరణించగా ఆ రచన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇస్ఫహాను నుండి ఉక్కు కొనుటకు వచ్చిన పారసీక వర్తకుని అతడక్కడ కలిసికొనెను. మిర్త్‌పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపురపు ఇనుము రెండు పాళ్ళు మూసలో కలిపి కాచుదురని అతడు వ్రాసినాడు. ఆ మిర్త్‌పల్లి నేటి మెట్‌పల్లియే కావలెనని మాకు తోచుచున్నది. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమును కలిసి ఆదిలాబాదు, నిజామాబాదు, కరీంనగరు, వరంగల్లు జిల్లాలలో జరిపిన క్షేత్రపరిశీలన ఊరూర చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను, తిత్తిగొట్టపు ముక్కలను నమోదు చేసినది.

చిట్టెము వట్టి రాయి కాదు. అందు ఇనుప ఆక్సైడులతో పాటు కరగి చిక్కుకొన్న ఇనుప బిందువులు కూడ నుండును. అయస్కాంతమునకు అంటుకొను ముక్కలు అందు తరచుగా కనబడును. కావున చిట్టెపు దిబ్బపై యంత్రము ఎడతెగక మొరయును, లేదా ఇనుమును వదలుమని తిప్పి పెట్టినచో ఎడతెగక మౌనము వహించును. రెండింటను వినవలసినది వినబడదు. (చిట్టెమునకు మన పెద్దలు వేరొక గౌరవము నిచ్చిరి. ఆయుర్వేదమున అది మండూరము, నూరేండ్లు దాటినదియే శ్రేష్ఠము. వైద్యులకై దిబ్బల నుండి చిట్టెము నేరుట కూడ వాని పొరలను కొంత కలచి యుండును.)

చిట్టెమున్నచోట నాణెములుండవని యెవరైన అనవచ్చును. ఆ మాట నిలువదు. పెద్దపల్లి చెంత పెద్దబంకూరున 1960ల చివర నుండి జరిగిన తవ్వకములలో శాతవాహన నాణెములు వేలకొలదిగా లభించినవి. ఆ ఊరిలోనే కమ్మరి కొలిమియు బయల్పడినది. కొలిమి యున్నచోటికి కొనువారు వత్తురు, కొనువారితో నాణెము వచ్చును. బొగ్గు తెచ్చిన వానికి, రాయి మోసిన వానికి కూలి ఏ రూపమున ముట్టెనో చిట్టెపు దిబ్బ అంచులలోనే తెలియవలెను. గుడి శాసనములు దానములను చెప్పును గాని కూలిని అరుదుగా చెప్పును.

ఇందులో మేము ముఖ్యమని యెంచు విషయమొకటి కలదు. యంత్రము తయారుచేయు దేశములలో వెండి, బంగారు, రాగి నాణెములకు తగినట్లు దానిని సరిదిద్దుదురు. చాకొలెట్టు కాగితము వంటి సన్నని అల్యూమినియపు చెత్తను వదలివేయుటకు క్రింది మెట్లను మూసివేయుదురు. శాతవాహనుల నాణెములో? సీసము, పోటీను, రాగి హెచ్చుగా, వెండి కొలదిగా. పోటీననగా తగరము పాలు హెచ్చుగా కలిసిన రాగి మిశ్రమము. సీసము విద్యుత్తును మోయుటలో రాగికి పన్నెండవ వంతు పాటి మాత్రమే. పోటీనుదియు తక్కువయే. దానికి తోడు నాణెము చిన్నది, పైన తుప్పుపొర. ఫలితముగా చిముకుని పేరు గల నాణెమైనను గుట్కాపొట్లపు పొరయైనను యంత్రమునకు దగ్గర దగ్గరగా వినబడును. చెత్తను వదలివేయుమని పరదేశపు పుస్తకము చెప్పినట్లు తిప్పి పెట్టుకొన్నవాడు, ఈ నేల చరిత్రకు మూలమైన నాణెములనే వదలి, నైజాము కాలపు రాగిడబ్బులను మాత్రము ఏరుకొని పోవును. ఆ పిమ్మట ఆ దిబ్బ అసఫ్‌జాహీల కాలమునకు చెందినదని వ్రాసినను ఆశ్చర్యము లేదు. చెత్త నేలపై యంత్రము చూపని దానిని లేనిదిగా లెక్కించుట పెద్ద దోషము.

నేటి చెత్త సామాన్యము కాదు. సిరిసిల్ల సాంచాల ఊరు. పాత మగ్గముల నుండి ఊడిన మేకులు, పన్నెల తీగలు, నాడెల కొసలకు తొడిగిన లోహపు మొనలు, సాంచాల మరలు అచటి ఖాళీ నేలలలో కలిసినవి. జగిత్యాల, కోరుట్ల ప్రక్కల పొలములలో ట్రాక్టరు మరలు, మోటారు తీగలు, సీసా మూతలు చేరినవి. ఇదియు పాటియే, ఇంకను ఈడు రానిది!

ధర్మపురి వంటి తీర్థములలో మరియొక చిత్రము కానవచ్చును. యాత్రికులు గోదావరిలో వేసిన నాణెములను రేవులలో జనులు జల్లెడతోను, త్రాటికి కట్టిన అయస్కాంతముతోను తీయుట మన నదీతీరములలో అందరు చూచునదే. అయస్కాంతమునకు చిక్కునవి 1988 తరువాత ముద్రితమైన ఉక్కు నాణెములు. అంతకుముందటి రాగి–నికెలు నాణెములును అల్యూమినియపు పైసలును దానికి చిక్కవు. వందయేండ్ల తరువాత ఆ రేవును శోధించు పండితుడు ఈ వడపోత నెరుగకున్నచో, ఉక్కు నాణెములు అరుదుగా చెలామణి అయినవని తలపోయును. ఏ దిబ్బకైనను పూర్వము ఎవరు ఏ సాధనముతో వెదకిరో తెలియుట ఇందువలన అవసరము.

వెదకువారు మనకు క్రొత్తవారు కారు. కంసాలి వాకిటి దుమ్మును, కాలువమట్టిని, వాగు ఇసుకను నీట కడిగి బంగారు రజను తీయు జలగడుగువారు తెలుగుదేశమున నుండిరి. ఓర్పునకు, నేర్పునకు వారిని మించిన వారు లేరు. వారి పద్ధతిలో ఇనుమున్నను చిట్టెమున్నను పని చెడదు, ఏలయన అది బరువును నమ్మును గాని శబ్దమును నమ్మదు. సీసము చిట్టెము కంటె చాల బరువు. తవ్విన మట్టిని పొరపొరగా వేరుపరచి జల్లించి కడిగినచో, యంత్రము మ్రింగిన నాణెము అడుగున తేలును. చిట్టెపు నేలపై జల్లెడయు యంత్రమును కలిసి పనిచేయవలెను. రెండింటిలో ఒకటే కావలెనన్నచో మేము జల్లెడనే కోరుదుము.

లంకెబిందెల ఆశ మరియొక వైపు. గుప్తనిధుల కొరకు గుడుల పీఠములను, కోట బురుజులను రాత్రివేళ పెకలించుట వార్తలలో తరచు కానవచ్చుచున్నది. ఇప్పుడు వారి చేతను యంత్రమున్నది. మన దానశాసనములు నిధినిక్షేపములను అష్టభోగములలో మొదట చెప్పినవి. భూమి లోపలి ధనము ఎవరిదను ప్రశ్న అంత పాతది. 1878 నాటి భారతీయ నిక్షేప చట్టము పది రూపాయల విలువ మించి దొరకిన దానిని గూర్చి కలెక్టరునకు తెలుపవలెనని విధించినది. 1958 చట్టము రక్షితస్థలములలో అనుమతి లేని తవ్వకమును నిషేధించినది. 1972 చట్టము నూరేండ్లు దాటిన పురావస్తువుల ఎగుమతిని, వ్యాపారమును కట్టుబాటులోనికి తెచ్చినది. 2017లో తెలంగాణము తన వారసత్వ చట్టమును చేసికొన్నది. ఇంగ్లండులో 1996 నిక్షేప చట్టము వెంట, 1997 నుండి యంత్రముతో వెదకువారు తమకు దొరకిన చిన్న వస్తువులను కూడ స్వచ్ఛందముగా నమోదు చేయించు పద్ధతి ఏర్పడినది. అట్టి నమోదు లేక అట్టి స్వేచ్ఛను మాత్రము ఇక్కడ కోరువారి వాదమును మేము అంగీకరింపజాలము.

అట్లని యంత్రమే పనికిరాదనుటయు తప్పు. అమెరికాలో 1876 జూన్ 25న యుద్ధము జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ మైదానమున, 1983లో గడ్డి తగులబడి నేల బయలుపడిన పిమ్మట, 1984, 1985లలో పురావస్తు శాస్త్రజ్ఞులు యంత్రములతో వరుసలు కట్టి నడచిరి. మోగిన ప్రతిచోట జెండా పాతి, కొలిచి, పటమున గుర్తించి, అటుపిమ్మట మాత్రమే వస్తువును తీసిరి. తూటా తొడుగుల చెత్త నుండి ఎవరు ఎక్కడ నిలిచి కాల్చిరో, ఎటు కదలిరో తేలినది. వారు చెత్తను తొలగింపలేదు, చెత్తనే చదివిరి.

మన చిట్టెపు దిబ్బలకు ఆ పద్ధతి చక్కగా పొసగును. అనుమతి పొందిన పరిశోధకుడు దిబ్బపై మీటరు గళ్ళు గీసికొని, ఆరు అంగుళముల చిన్న తీగచుట్టతో, ఏ లోహమును వదలకుండ వినుచు మెల్లగా నడవవలెను. తూర్పుపడమరలుగా ఒకసారి, ఉత్తరదక్షిణములుగా ఒకసారి నడచినచో, మేకు చాటున దాగిన నాణెము ఒక దిశలో కాకున్న మరియొక దిశలో పలుకవచ్చును. నాగలి కలచిన పైపొరలోని వస్తువులను మాత్రమే తీయవలెను. ఆ లోతున పొరలు ఎట్లును చెదరిపోయినవి. దానికి క్రింద మోగినచో గుర్తించి వదలవలెను, అది తవ్వకమునకు చెందిన పని. గడికొక సంచి. ఆ గడిలోని చిట్టెమును తూచి వ్రాసికొనవలెను, పారవేయరాదు. చిట్టెము దట్టమైన గళ్ళలో నాణెములు తక్కువగా కనబడినచో అది చరిత్రయా, యంత్రపు చెవుడా అని తేల్చుటకు ఆ తూకమే ఆధారము. అట్టి గళ్ళు రెండు మూడింటిని జల్లించి చూచినచో యంత్రమెంత మ్రింగినదో లెక్క తేలును.

ఊరిలో అడుగవలసినవి అడుగనిచో ఈ శ్రమ యంతయు వ్యర్థము. ఈ గడ్డమీది మట్టిని ఎవరి పొలములకు తోలిరి, ఏ కాలమున, ఎన్ని బండ్లు, ట్రాక్టరు వచ్చిన తరువాత ఎంత దూరము? ఇవి వృద్ధ రైతులకు తెలిసిన సంగతులు. ఆ తరము ఉండగనే వ్రాసికొనవలెను. పొలమున దొరకిన నాణెమునకు తిరిగి దిబ్బను చూపగలది ఆ జ్ఞాపకమొక్కటే.

దొరకిన పిమ్మట ఒక మాట. సీసపు నాణెములను చెక్కబీరువాలలోను అట్టపెట్టెలలోను ఉంచరాదు. చెక్క నుండి వెలువడు ఆమ్లపు ఆవిరి సీసమును తెల్లని పొడిగా మార్చును, ఆ పొడితో బ్రాహ్మీ అక్షరములును రాలిపోవును. చింతపండుతో తోమి మెరిపించుట అంతకంటె చేటు. ఆమ్లము లేని కాగితమున చుట్టి, గడి సంఖ్య వ్రాసి, మూత గల ప్లాస్టిక్కు డబ్బాలో పొడిగా ఉంచిన చాలును.